రెండు ముక్కలుగా కోసిన పవిత్ర యుద్ధం

పుస్తకాన్ని నడిమికి కోసి, ఒకదాన్ని రెండుగా అమ్మాలనే ఆలోచన మా జిల్లాలో నాకంటే ముందు ఎవరికీ రాలేదు. ఇప్పటికీ ఈ మాట గొప్పగానే చెప్పుకుంటాను. అనంతపురం పాతూరులో మూడు తరాలుగా అంగళ్లు నడిపిన ఇంట్లో పుట్టినవాణ్ని. మా నాయన కొబ్బరికాయను రెండు చిప్పలు చేసి, చిప్పకొక ధర చెప్పి అమ్మేవాడు. నేను ఆయన్ని దాటిపోయాను. రెండు మతాలను చిప్పలు చేశాను.

రెండు వేల మూడు, మార్చి నెల. అమెరికా ఇరాక్ మీదికి పోతుందా పోదా అని టీ అంగళ్లలో పేపరు కోసం పెనుగులాడుతున్న రోజులు. మూతపడిన ఒక ప్రచురణాలయం గోడౌన్లో రెండు వందల పుస్తకాలు కిలోల లెక్కన దొరికాయి. రాసింది ఎవరో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారు. ఇస్లాంలో జిహాద్ అంటే ఏమిటి, క్రైస్తవంలో శిలువ యుద్ధం అంటే ఏమిటి, ఇదీ విషయం. నేను చదవలేదు. సరుకును చదువుతూ కూర్చుంటే అమ్మేదెప్పుడు? మొదటి సగం ముస్లింలది, రెండో సగం క్రైస్తవులది. ఎవరి సగం వాళ్లు కొంటారు, ఎదుటివాళ్ల సగానికి దుడ్లు ఎవరు పెడతారు? బైండరు దగ్గరికి పట్టుకుపోయాను.

"అన్నా, కుట్టు పదహారు పేజీలకొకటి ఉంటాది. ఆడికాడికి కోస్తే పేజీలు ఊడవు. నీ అధ్యాయం మాత్రం అంతకు ముందో ఎనకో తెగుతాది" అన్నాడు బైండరు.

"నీకు యాడ సులువైతే ఆడ కోయప్పా" అన్నాను.

ఈ యాత్రలో నేను చేసిన తప్పు ఆ ఒక్క మాటే. మొదటి సగానికి పచ్చ అట్ట, రెండో సగానికి తెల్ల అట్ట వేయించి, నాలుగు వందల పుస్తకాల యజమానినై బస్సెక్కాను.

తాడిపత్రి

తాడిపత్రిలో చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉంటాయి. బండలు కోసే మిల్లుల దుమ్ము అది. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు ఆరు రూపాయలు. మా ఊళ్లో అదే ఆరుకు ఒక బజ్జీయే వేస్తారు. ఆ లెక్కన యాత్ర లాభంతో మొదలైందనుకున్నాను.

మస్తాన్ అనే ఆయన బండలు పాలిష్ పట్టే యూనిట్ నడుపుతాడు. ఒళ్లంతా తెల్ల బురద. పచ్చ అట్ట పుస్తకం చేతికిస్తే ముందు చూడకుండా వెనక చూశాడు. సరుకు తెలిసినవాడి పద్ధతి అది.

"ఏమప్పా శెట్టీ, ఈడ ఆఖరి పేజీలో మాట తెగిపోయిందే. 'అయితే' అని ఉండాది. ఆ తర్వాత అట్టనే."

"చదివేవాళ్లకు ఉబలాటం ఉండాలని" అన్నాను.

"ఉబలాటమా. కోసినావు నువ్వు." అంచు మీద వేలు రాసి నవ్వాడు. "ముప్పై ఏండ్లుగా కోస్తాండా, కోత నాకు తెలీదా? మేము బండ కోసేముందు నీళ్లతో తడిపి చూస్తాం. లోపల చార యా పక్కకు పోతాందో కనపడతాది. దానికి అడ్డంగా కోస్తే బిళ్ల మిల్లులోనే పగులుతాది. నువ్వు తడిపి చూసినావా?"

"కాగితాన్ని తడిపితే నాకు మిగిలేదేముంది?"

"మరి చదివి చూడల్ల."

జిహాద్ గురించి ఆయనకు తెలిసింది చెప్పమన్నాను. ఏ మాట చెప్తే సరుకు పోతుందో తెలుసుకోవడానికే అడిగాను, జ్ఞానం కోసం కాదు.

"మా నాయన చెప్తాండె. చలికాలం తెల్లారుజామున దుప్పటి తీసి నమాజుకు లేసేదే జిహాద్ రా అని. నాకు అదే చేతకాలా. ఇంక కత్తి యాడ పట్టేది?"

ఆ మాటతో సరుకు పోదు. చివరికి ఆయన రెండు అట్టలనూ పక్కపక్కన పెట్టి, ఇవి రెండూ కలిస్తే ఒక పుస్తకం కాబట్టి ఒక పుస్తకం ధరే ఇస్తానన్నాడు. పది రూపాయలు. అరగంట వాదించి ఓడిపోయాను. ఆ రోజు తాడిపత్రిలో నా అమ్మకం అంతే.

ముదిగుబ్బ దారిలో

మరునాడు బస్సులో నా పక్కన ఒకాయన ఒళ్లో గొర్రెపిల్లను పెట్టుకున్నాడు. అది నా మూటను కట్టిన తాడు నమిలేసింది. టికెట్ లేని ప్రయాణికురాలు నా సరుకు పాడు చేసిందని కండక్టరుతో చెప్తే, "నీ మూటకూ టికెట్ లేదు గదన్నా" అన్నాడు. తెగిన తాడును ముడి వేసుకుంటూ కూర్చున్నాను.

కిటికీ బయట మూడేళ్లుగా వాన ఎగ్గొట్టిన నేల. చెనిక్కాయ వేసిన చేలల్లో గొర్రెలు ఎండిన కట్టె కోసం మట్టిని వాసన చూస్తున్నాయి. ముదిగుబ్బలో హోటలు నడిపే ఆమె రాగిసంగటి ముద్ద, నంజుకోవడానికి చెనిగిత్తనాల ఊరిబిండి పెట్టి, ఎనిమిది రూపాయలు తీసుకుని, ఊరిబిండి మళ్లీ వేసింది. మళ్లీ వేసినదానికి లెక్క కట్టకపోవడం మా వీధిలో ఎక్కడా చూడలేదు. నా మూట సంగతి విని ఆమే ఒక పల్లె పేరు చెప్పింది. ఏడెనిమిది మైళ్లు. ఇరవై ఇళ్లు సాయిబులవి, ముప్పై ఇళ్లు చర్చికి పోయేవాళ్లవి, పైగా పీర్ల పండుగ జరుగుతోంది.

రెండు అట్టలకూ గిరాకీ ఉన్న ఊరు. ఆటోలో మూట పడేశాను.

పీర్ల చావిడి

పండుగలో అది ఎనిమిదో రోజు, సాయంకాలం. చావిడి ముందు జనం ఉన్నారు. పీర్లంటే తెలియనివాళ్ల కోసం చెప్తాను: కర్బలా యుద్ధంలో చనిపోయినవాళ్ల గుర్తుగా పెద్ద కర్రలకు వెండి, ఇత్తడి రేకు చేతులు బిగించి, పట్టుబట్టలు చుట్టి, పది రోజులు నిలబెడతారు. పదో రోజు నీళ్ల దగ్గరికి తీసుకుపోయి సాగనంపుతారు. మా వీధిలో పీరు వస్తే మా నాయన అంగడి మెట్టు దిగకుండానే చక్కెర పొట్లం అందించేవాడు. ఇక్కడ రెడ్ల ఇళ్లవాళ్లు కూడా చెప్పులు విడిచి వరుసలో నిలబడి, తెచ్చిన చక్కెర మీద ప్రార్థన చదివించుకుంటున్నారు.

పీర్లను చూసుకునే ముజావర్ ఖాదర్ సాబు. డెబ్బై దాటిన మనిషి. ఆయన పక్కన నేల మీద తప్పెట పెట్టుకుని ఓబన్న. ఆయనకూ అంతే వయసు. ఓబన్న క్రైస్తవుడు. ఈ ఊరి కట్టుబాటు ఒకటుంది: ఓబన్న ఇంటివాళ్లు చావిడి గడప ముందు మూడు దెబ్బలు కొట్టాకే ముజావర్ పీరును ఎత్తాలి. వేరేవాళ్లు కొట్టకూడదు. ఓబన్న తాతలు చర్చిలో కలవక ముందు నుంచీ ఉన్న పద్ధతి అది. కలిసిన తర్వాత కూడా ఎవరూ మార్చలేదు.

ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ సాయంకాలం నాకు కనపడింది గిరాకీ ఒక్కటే. చావిడి దగ్గర "మీ వీరుల చరిత్ర" అని పచ్చ అట్టలు ఎనిమిది, చర్చి వాడలో "మీ వీరుల చరిత్ర" అని తెల్ల అట్టలు ఆరు అమ్మాను. ఆరోది కొన్నది పాస్టరు జీవరత్నం. కర్నూలు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు. బేరం ఆడకుండా పది రూపాయలు ఇచ్చాడు. బేరం ఆడనివాళ్లంటే నాకు మొదటి నుంచీ కొంచెం భయం.

తొమ్మిదో రోజు

పొద్దున టీ తాగుతుంటే ఓబన్న నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"శెట్టీ, ఆ తెల్ల పుస్తకంలో తప్పెట గురించి ఏమన్నా రాసినారా?"

"లేదే. ఎందుకు?"

"మా పాస్టరు అయ్యగారు రాత్రంతా అదే చదివినాడంట. శిలువ గుర్తు భుజం మీద కుట్టుకోని యుద్ధానికి పోయినోళ్ల కథ. పొద్దున ప్రార్థనలో చెప్పినాడు. ఒక భుజానికి రెండు జెండాల గుర్తులు కుట్టరు, పీర్ల ముందర తప్పెట కొట్టేది ఇంకో సైన్యానికి కొట్టేదేనని. రేపు కొడితే చర్చి సంఘం పుస్తకంలో నా పేరు కొట్టేస్తాడంట."

"కొట్టేస్తే ఏమవుతుంది? నువ్వేమన్నా ఓటు వేయాలా?"

ఓబన్న నన్ను కాసేపు చూశాడు. కోపంగా కాదు, అంగట్లో తూకం తప్పుగా ఉంటే చూసినట్టు.

"పేరు ల్యాకుంటే చర్చి ఎనక సమాధుల దొడ్లో జాగా ఇయ్యరు. మా లచ్చుమమ్మ పోయిన ఏడు ఆడ పండుకున్యాది. పక్కన నాకు ఆరడుగులు ఇడిసిపెట్టించినా. నలభై ఐదేండ్లు ఒక గుడిసెలో ఉన్యాం. ఇప్పుడు ఆయమ్మ ఒగ పక్క, నేను యాడనో వంక గట్టు మీద. కొట్టకపోతే ఖాదరు పీరు ఎత్తడు. ఆయన మొగం నేను యా కండ్లతో చూడల్ల?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఆ తెల్ల అట్టకు నాకు పడింది రెండు రూపాయల చిల్లర. అమ్మింది పదికి. దానికి ఈ ముసలాయన ఆరడుగుల నేలను వెలగా కడుతున్నాడు.

పాస్టరు ఇంట్లో

నేను పాడు చేసిన బేరాన్ని నేనే చక్కబెట్టాలని చర్చి పక్కనున్న పాస్టరు గదికి పోయాను. ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద నా తెల్ల పుస్తకం. బేరంలో మా ఇంటి పద్ధతి ఏమిటంటే, ఎదుటివాడు వదులుకోలేనిదాన్ని అడగకూడదు, వాడికి నొప్పి తెలియనిదాన్ని అడగాలి.

"అయ్యగారూ, రేపు మధ్యాహ్నం మీకు కొత్తచెరువులో ఏదన్నా ప్రార్థన కూటం ఉందనుకోండి. మీరు పన్నెండింటికి పోయి ఆరింటికి వస్తారు. ఇక్కడ ఏం జరిగిందో మీరు చూడలేదు. చూడనిదానికి సంఘం పుస్తకంలో ఏం రాస్తారు? మీ మాటా ఉంటుంది, ఆయన జాగా ఉంటుంది."

ఇంతకంటే మంచి బేరం నేను జన్మలో చెప్పలేదు.

"కొత్తచెరువులో కూటం లేదు శెట్టిగారూ" అన్నాడు జీవరత్నం.

"ఉందనుకోండి అన్నాను."

"అబద్ధం మీద నిలబెట్టేదైతే నా మాట నిలబడక్కర్లేదు. తప్పని చెప్పినవాణ్ని నేనే. తప్పు కాదని నాకు అనిపిస్తే ఆ మాటా నేనే చెప్పాలి. దాక్కోను."

అప్పుడే గడప దగ్గర చెప్పుల చప్పుడైంది. ఖాదర్ సాబు. చేతిలో పచ్చ పుస్తకం. తగవుకు వచ్చాడనుకుని నేను బల్ల వైపు జరిగాను.

"అయ్యగారూ, మీ దగ్గర దీని రెండో సగం ఉండాదంట గదా" అన్నాడు ఆయన. "నాది 'అయితే' అనే మాట కాడ ఆగిపాయ. మావోళ్లు చేసిన యుద్ధాలన్నీ వచ్చినాయి, ఆడోళ్లను, ముసలోళ్లను, చెట్లను ముట్టుకోగూడదనే కట్టడి వచ్చింది. అయితే అన్యాడు. అయితే ఏంది? రాత్రి నిద్ర పట్టలా."

పాస్టరు తెల్ల పుస్తకం తెరిచాడు. మొదటి పదహారు పేజీలు తిప్పి చూసి నా వైపు చూశాడు.

"ఇవి మీవాళ్లవే పెద్దాయనా. నా పుస్తకంలో కలిశాయి. నావి కావని తిప్పేశాను."

"నాకు చత్వారం. మీరే చదవండి."

కుర్ర పాస్టరు మంచం మీద, ముజావర్ గడప మీద. పాస్టరు చదివాడు. జిహాద్ అనే మాటకు మూలంలో అర్థం గట్టిగా పాటుపడటమని, కత్తి పట్టడం అందులో ఒక రకమేనని, తన కోపంతో, తన గర్వంతో, తన ఆశతో మనిషి చేసే పోరాటమే పెద్దదని చెప్పిన పెద్దలున్నారని, ఆ మాట ప్రవక్తదేనా కాదా అని పండితుల్లో తగవు ఉందని, తగవు ఉన్నా వందల ఏళ్లుగా మామూలు జనం దాన్ని పట్టుకుని బతికారని ఆ మేష్టారు రాశాడు. చదువుతూ చదువుతూ పాస్టరు గొంతు తగ్గింది. మధ్యలో ఒకచోట ఆగి, "మా బైబిల్లోని పత్రికల్లో కూడా ఉంది, మన పోరాటం మనుషులతో కాదని" అని తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు.

చివరి పేజీ అయ్యాక ఖాదర్ సాబు లేచాడు.

"సరే అయ్యగారూ. నేను అడగడానికి వచ్చింది అది. చెప్పడానికి వచ్చింది ఇంకోటి ఉండాది. తప్పెట కట్టుబాటు నుంచి ఓబన్నను నేను ఇడిసిపెట్టినా. రేపు తప్పెట లేకుండానే పీరు ఎత్తుతా. మా తాతల నుంచి అట్ల ఎత్తింది లేదు, జనం నన్నే తిడతారు, తిట్టనీ. మీ సంఘం పుస్తకంలో వాని పేరు కొట్టేయొద్దండి. లచ్చుమమ్మ పక్కన పండుకోనీండి."

 ఖాదర్ సాబు చెప్పులు తొడుక్కుని పోయాడు. నేను చెప్పడానికి తయారు చేసుకున్న రెండో బేరం నోట్లోనే ఉండిపోయింది. ఇచ్చేవాడు ముందుగానే మొత్తం ఇచ్చేస్తే బేరగాడికి అక్కడ పనేముంటుంది?

పదో రోజు

వెనకటికి పీర్లను చెరువుకు తీసుకుపోయేవారట. చెరువు ఎండి మూడేళ్లు. ఇప్పుడు ఊరి బయట రెడ్డి గారి బోరు దగ్గరికి పోతారు. బోరు ఆడేది త్రీఫేజు కరెంటు వచ్చినప్పుడే. కాబట్టి ముహూర్తం పెట్టేది కరెంటోళ్లు. ఆ రోజు రెండున్నరకు వస్తుందని కబురొచ్చింది.

రెండింటికి చావిడి ముందు ఊరంతా ఉంది. ఓబన్న లేడు. తప్పెట ఉండే చోట ఖాళీ నేల. ఖాదర్ సాబు ఆ ఖాళీ వైపు ఒకసారి చూసి, పీరు కర్రకు చేయి వేసి ఎత్తాడు. చప్పుడు లేకుండా లేచిన పీరును చూసి ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జనం నడిచారు. దుమ్ములో వందల పాదాల చప్పుడు తప్ప ఏమీ లేదు. పెళ్లి ఊరేగింపులో మేళం మధ్యలో ఆగితే ఎట్లా ఉంటుందో, ఆ ఆగడం వీధి పొడవునా ఉంటే ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది.

దారి చర్చి ముందు నుంచే. గేటు దగ్గర జీవరత్నం నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన తల వంచుకుని ఓబన్న. పీరు దగ్గరికి వచ్చేసరికి పాస్టరు అందరికీ వినపడేటట్టు మాట్లాడాడు.

"ఓబన్నా, నిన్న పొద్దున నేను చెప్పింది నా గర్వం. ఈ పెద్దాయనను నేను శత్రువు అనుకున్నాను. ఆయన వచ్చి నీ సమాధి కోసం నన్ను బతిమాలాడు. పోయి కొట్టు. నేను ఇక్కడే నిలబడి చూస్తాను. చూశానని మా పైవాళ్లకు నేనే ఉత్తరం రాస్తాను. నీ పేరు జోలికి ఎవరూ రారు, వస్తే ముందు నా పేరు తీయాలి."

ఓబన్న కదలలేదు. "తప్పెట ఇంట్లో ఉండాది అయ్యగారూ" అన్నాడు సన్నగా.

"తీసుకురాపో మరి" అన్నాడు ఖాదర్ సాబు పీరు బరువుతో ఊగుతూ. "చేతులు నొస్తాండాయి. కరెంటు పోతాది మళ్లా."

జనం నవ్వారు. రెండు రోజుల్లో ఆ వీధిలో నేను విన్న మొదటి నవ్వు. ఖాదర్ సాబు పీరును కిందికి దించి, గేటు ముందు నేలకు ఆనించి పట్టుకున్నాడు. ఓబన్న తప్పెట తెచ్చి, గడ్డి మంట మీద కాచి బిగించి, చావిడి గడప ముందు కొట్టాల్సిన మూడు దెబ్బలు చర్చి గేటు ముందు కొట్టాడు. పీరు రెండోసారి లేచింది. డెబ్బై ఏళ్ల మనిషి అట్లా కొట్టగలడని నాకు తెలియదు. బోరు దగ్గరికి చేరేసరికి నీళ్లు సన్నగా పడుతున్నాయి. పీర్లకు సరిపోయాయి.

సాయంకాలం మలీద పెట్టారు. రొట్టె, బెల్లం నలిపి చేసింది. మొదటి పిడికిలి ఓబన్నకు. నేను మూట విప్పి, నా దగ్గర పచ్చది కొన్నవాళ్లకు తెల్లది, తెల్లది కొన్నవాళ్లకు పచ్చది ఊరికే ఇచ్చుకుంటూ పోయాను. "ఏమప్పా శెట్టీ, జబ్బు చేసిందా?" అని ఒకామె అడిగింది.

కొత్తచెరువు, అక్కణ్నుంచి ఇల్లు

కొత్తచెరువులో పుట్టపర్తికి పోయే విదేశీయులు కొబ్బరినీళ్లు తాగుతూ కనిపించారు. తెలుగు పుస్తకం వాళ్లకు ఎందుకు? అయినా రెండు సగాలను తాడుతో కలిపి కట్టి, బస్టాండులో జత పది రూపాయలకు ఐదు జతలు అమ్మాను. ఇంటికొచ్చిన వారానికి ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. గిరాకీ పెరిగే మాట నిజమే. నేను మూట విప్పలేదు.

నెల తర్వాత పాస్టరు దగ్గర నుంచి కార్డు వచ్చింది. పైవాళ్లు గట్టిగా చీవాట్లు పెట్టారట, కానీ ఆయన్ని అక్కడే ఉంచారు. ఓబన్న పేరు సంఘం పుస్తకంలోనే ఉంది. ఆరడుగుల జాగా చుట్టూ ఖాదర్ సాబు మనుషులు రాళ్లు పేర్చి హద్దు కట్టారు.

ఇక ఖర్చు. పుస్తకాలు నలభై కిలోలు, కిలో పన్నెండు లెక్కన నాలుగు వందల ఎనభై. కోత, అట్టలు నాలుగు వందలు. బస్సులు, ఆటో ఎనభై ఐదు. తిండి డెబ్బై. తాడిపత్రిలో లాడ్జి అరవై. పీరుకు చక్కెర అరకిలో ఏడు. మొత్తం పదకొండు వందల రెండు. రాబడి: మస్తాన్ పది, పల్లెలో నూట నలభై, కొత్తచెరువులో యాభై. మొత్తం రెండు వందలు. నష్టం తొమ్మిది వందల రెండు రూపాయలు. ఆ పల్లెలో కుదిరిన రాజీని నా రాబడి వైపు రాసుకోవాలని రెండుసార్లు కలం ఎత్తాను. కానీ అక్కడ నేను చెప్పిన బేరం ఒక్కటే, దాన్ని పాస్టరు తీసుకోలేదు. ఇచ్చినవాళ్లు ఖాదర్ సాబు, పాస్టరు. అందులో నా వాటా సున్నా.